క్యాబినెట్ల పసుపు

16 అక్టోబర్ 2002, బుధవారం
నిన్న దసరా అయింది, ఇయ్యాల నా ఖర్మ మొదలైంది. బోధన్ల టైపింగ్ సెంటర్ నడిపే రుక్మక్క కంప్యూటర్‌ను బస్సుల ఒళ్ళె పెట్టుకొని నిజామాబాద్ మా దుకాణంకు తెచ్చింది. పండుగ నుంచి ఊకె బందైతుందట.

సైడ్ ప్యానెల్ ఇప్పిన. ప్రభువా! లోపల పూజగది. కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్‌కు మూడు బొట్లు. హార్డ్‌డిస్క్ గూట్ల బంతిపువ్వు. ఫ్యాన్ రెక్కలకు పసుపు. ఆయుధపూజట! వాళ్ళమ్మ అంజవ్వ చేసిందట. ఏం తెలివో! ఆగస్టుల ఆ మిషన్ ఫిట్ చేసింది నేను. వైర్లన్నీ ఓ పక్కకు కట్టిన, గాలి ముందట్నుంచి వచ్చి ఎన్కకు పోయేటట్టు. ఈ జిల్లాల గంత సాఫ్‌గ ఎవడు చేస్తడు?

పసుపే చెడగొట్టిందని చెప్పిన. మా దుకాణం సేట్ ముత్తన్న గ్యారంటీ లేదు పొమ్మన్నడు. రుక్మక్క మొఖం చిన్నగైంది. బడోళ్ళ పరీక్ష పేపర్లు సోమవారం సాయంత్రం వరకు కొట్టియ్యాలట, లేకుంటే ఆ పని ఇంకోళ్ళకు పోతదట. అయితే నేనేం జెయ్యాలె? పెట్టిపొమ్మన్న.

17 అక్టోబర్
బ్రష్‌తోని పసుపంత దులిపిన. పది నిమిషాలకు బంద్. పసుపే.

18 అక్టోబర్
ర్యామ్ మార్చిన. ఎస్‌ఎంపీఎస్ మార్చిన. బంద్. ముత్తన్న నవ్విండు. స్క్రూడ్రైవర్ ఎటు పట్టాల్నో తెల్వనోడు నన్ను జూసి నవ్వుడు.

రుక్మక్క ఫోన్ చేసింది. తల్లిని నోటికొచ్చినట్టు తిట్టిందట. ముసలామె అలిగి ఇందల్వాయిల చిన్నబిడ్డ ఇంటికి పోయిందట. పీడ పోయిందనుకున్న.

19 అక్టోబర్, పగలు 12
మదర్‌బోర్డ్ ఊడదీసిన. బోర్డు క్యాబినెట్ రేకుకు తాకకుండ కింద స్టడ్లు, అంటే చిన్న ఇత్తడి కాళ్ళు బిగిస్తం, బోర్డుకు రంధ్రం ఉన్నకాడనే. ఆరుండాలె. ఏడున్నయి. ఏడోది రంధ్రం లేనికాడ నిలవడి, బోర్డు అడుగుకు తాకి షార్ట్ చేస్తుంది. పండుగకు సాఫ్ చేసేటప్పుడు మిషన్ కదిలితే తాకింటది.

బిగించింది నేనే. ఆనాడు క్రికెట్ కామెంట్రీ ఇనుకుంట బిగించిన. థూ, నా బతుకు.

సాయంత్రం 5
ఏడోది తీసేసిన. నాలుగు గంటలు ఆగకుండ నడిచింది. రుక్మక్క వచ్చింది. పసుపు సాఫ్ చేసిన, బాగైంది అని చెప్పిన. నాకు దండం పెట్టి తీస్కపోయింది.

20 అక్టోబర్, ఆదివారం
చర్చికి పోలే. ఇందల్వాయి పోయిన. తప్పు నాదేనని అంజవ్వకు అంత చెప్పిన. చెప్పు తీస్కొని కొడ్తదనుకున్న. నా బిడ్డకు చెప్పకు కొడుకా, నీ నౌకరి పోతది అన్నది. తను ముసల్దట, రెండు తిట్లు పడితే ఏం కాదట. అన్నం పెట్టింది. గీమెనేనా నేను పీడ అనుకున్నది!

21 అక్టోబర్
బోధన్ పోయి రుక్మక్కకు చెప్పిన. పేపర్లు ఇంక సగమున్నయి, ఇయ్యాల సాయంత్రం వరకే టైమున్నది. అయినా రుక్మక్క మిషన్ బంద్ చేసి, షట్టర్ గుంజి, తల్లిని తోల్కొచ్చేతందుకు బస్సెక్కింది.