కీపర్ మాట

ఫిబ్రవరి 9, ఆదివారం

గెలిచాం. ఫైనల్లో లాండ్రీ 1, బిస్కెట్ 0.

ముప్ఫయ్యేళ్లొచ్చాక కప్పు పట్టుకుని ఫొటో దిగాను. అత్తయ్య ఆ ఫొటో చూసి, ఇంట్లో గాజు గ్లాసులు కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకుంటే బాగుండేదంది. మా ఆయన నవ్వారు. చిన్నది కూడా నవ్వింది. ఓడింది వాళ్ల జట్టే అయినా నవ్వింది.

బంతి లోపలికి వెళ్లలేదు.

ఫిబ్రవరి 10

నిన్నటి పేజీ చదివాను. ఆ ఆఖరి వాక్యం ఎవరడిగారని రాశాను?

ఆస్పత్రి లాండ్రీలో నా పని మూటలు పట్టడం. పై అంతస్తుల వాళ్లు మాసిన దుప్పట్లు మూటగట్టి గొట్టంలో వేస్తారు, కింద నేను అందుకుంటాను. తొమ్మిదేళ్లుగా ఇదే. పోయినేడు మా ఫుట్‌బాల్ జట్టు కీపర్‌కి ఆరో నెల వచ్చి ఆట మానేస్తే, సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి, మూటలు పట్టే చేతులు బంతి పట్టలేవా అన్నాడు. అప్పటిదాకా నేను బంతి ముట్టుకుని ఎరగను.

నేర్పింది చిన్నది. చిన్నదంటే మా మరిది భార్య, నా తోటికోడలు. బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్. ఆరేళ్లప్పటి నుంచి ఆడుతోంది. కాపురానికొచ్చిన రోజున పెట్టెలో బట్టల మధ్య గాలి తీసిన బంతి పెట్టుకొచ్చిన మనిషి. పెరట్లో పాత పరుపులు పరిచి నాకు దూకడం నేర్పింది. పడితే మోచేతి మీద కాదక్కా, భుజం మీద పడాలి అని నెలల తరబడి ఓపిగ్గా చెప్పింది. పక్క జట్టు కీపర్‌ని పెంచి పోషిస్తున్నావని ఫ్యాక్టరీలో తనని బాగా ఏడిపించారట.

మా లీగ్‌లో ఎనిమిది జట్లు, అన్నీ పనిచేసే చోట్లవే. గీత దగ్గర నిలబడి చూసే లైన్స్‌మెన్ ఎవరూ ఉండరు. ఉన్నది ఒక్క రిఫరీ. సిటీ బస్సు కండక్టర్. పొట్ట కాస్త ఎక్కువ, పరుగు కాస్త తక్కువ. బంతి గీత దాటిందా లేదా అని అనుమానమొస్తే ఆయన వచ్చి కీపర్‌నే అడుగుతాడు. కీపర్ ఏం చెబితే అదే. పదకొండేళ్లుగా అదే పద్ధతి. సెమీఫైనల్లో టైర్ల కంపెనీ కీపర్ దాటిందని తనే చెప్పి, మ్యాచ్ పోగొట్టుకుని, గోల్‌పోస్ట్ పట్టుకుని ఏడ్చింది. ఆ అమ్మాయి కళ్లు తుడిచింది నేనే.

నిన్న ఆఖరి నిమిషంలో చిన్నది కొట్టింది. కొడుతూనే కాలు జారి బురదలో బోర్లా పడింది. బంతి నా కడుపు కింద నుంచి వెనక్కి పోయింది. గిర్రున తిరిగి, దాని మీద పడి, ముందుకు లాక్కున్నాను. కండక్టర్ రొప్పుతూ వచ్చాడు.

"లోపలికెళ్లిందా అమ్మా?"

"లేదు."

మారుమాట లేకుండా విజిల్ వేశాడు.

ఫిబ్రవరి 14

ఫోన్ వచ్చింది. ప్రొఫెషనల్ క్లబ్బులో కీపర్లకి కోచ్‌నని చెప్పింది, గొంతు గరుకుగా ఉంది. ఆదివారం ఫైనల్‌కి తను వచ్చింది చిన్నదాన్ని చూడ్డానికట. అది మాకు ముందే తెలుసు. చిన్నది వారం రోజులు సరిగా నిద్ర కూడా పోలేదు. కోచ్ ఏమందంటే, స్ట్రయికర్ బాగానే ఆడింది గానీ గోల్ వెయ్యలేదు, అలాంటి వాళ్లు మా దగ్గర ముగ్గురున్నారు, చివర్లో గీత మీద నుంచి బంతి లాగిన కీపర్ మాత్రం ఒక్కతీ లేదు అని. వయసడిగింది. ముప్ఫై అన్నాను. కీపర్లు ఆలస్యంగానే పండుతారులే, ట్రయల్‌కి రమ్మంది.

చిన్నది పక్కనే ఉల్లిపాయలు తరుగుతోంది. అంతా వింది. కత్తి చేతిలో ఉండగానే వచ్చి నన్ను వాటేసుకుంది. కళ్ల నిండా నీళ్లు. ఉల్లిపాయలవే అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు హాయిగా ఉంది.

ఫిబ్రవరి 15

వెళ్లింది. గీతకి అవతల నాలుగు వేళ్ల మేర.

మార్చి 2

ట్రయల్. చిరిగిన గ్లవ్స్ చిన్నది రాత్రే కుట్టి పెట్టింది. నా బ్యాగు తనే మోసింది. గేటు దగ్గర వాచ్‌మన్ తననే ప్లేయర్ అనుకుని లోపలికి పంపి, నన్ను ఆపాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

నలభై బంతులు కొట్టారు. ముప్ఫైకి పైగా ఆపాను. రిజర్వ్ జట్టులోకి తీసుకున్నారు. ఇది మాత్రం నిజంగా చేశాను. ఇందులో అబద్ధం లేదు. కానీ అబద్ధం ఆడకపోతే నన్ను అక్కడికి పిలిచేవాళ్లే కాదు కదా, ఎటు తిప్పి చూసినా అక్కడికే వస్తోంది.

ఏప్రిల్ 20

ట్రైనింగ్ తెల్లారి అయిదింటికి. వంటలో నా వంతు కూడా చిన్నదే చేస్తోంది. నువ్వు ఆడటం లేదేమే అనడిగితే, షిఫ్ట్ మారిందక్కా, కుదరడం లేదంది. సరే అన్నాను. ఇంకోసారి అడగలేదు. అడిగితే వంట నాకొచ్చి పడుతుందని భయం కాబోలు.

జూన్ 11

రెండో కీపర్‌కి పందొమ్మిదేళ్లు. నన్ను పిన్నీ అంటుంది. ఇప్పుడు జట్టంతటికీ నేను పిన్నినే. గ్రౌండ్‌లో మైక్‌లో కూడా అదే చెబుతారేమో.

చేతులు బాగున్నాయి, కాళ్లే బద్ధకం అంటుంది కోచ్. తొమ్మిదేళ్లు గొట్టం కింద ఒకే చోట నిలబడ్డ కాళ్లు మరి.

ఆగస్టు 17

ఆరు మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గోల్ ఇచ్చాను. జిల్లా పేపర్లో పడింది. అత్తయ్య ఆ పేపరు మడిచి పరుపు కింద పెట్టుకుంది, నాకు తెలియదనుకుంటోంది.

కొత్తగా ఎవరొచ్చినా కోచ్ ఆ ఫైనల్ సంగతి మొదలుపెడుతుంది. బురద, ఆఖరి నిమిషం, గిర్రున తిరగడం, లాగడం. చెప్పిన కొద్దీ పెరుగుతోంది. నేను తల దించుకుంటాను. అందరూ దాన్ని వినయం అనుకుంటున్నారు. ఇవాళ ఎవరో అమ్మాయి, ఇంత ఎదిగినా పిన్నికి గర్వం లేదు అంది. తల కొట్టేసినట్టయింది.

నవంబర్ 28

మెయిన్ కీపర్‌కి భుజం జారింది. ఫిబ్రవరిలో మొదలయ్యే సీజన్‌కి ఇక లేదు. నాకు కాంట్రాక్ట్ ఇచ్చారు. లాండ్రీలో ఇవాళే ఆఖరు. పైవాళ్లందరూ కలిసి గొట్టంలోంచి ఉతికిన దుప్పటి మూట ఒకటి వేశారు, అందులో కొత్త గ్లవ్స్. పట్టుకుని ఏడ్చేశాను.

ఇంట్లో అందరికంటే ఎక్కువ గోల చేసింది చిన్నదే.

డిసెంబర్ 19

రాసేస్తే నయం.

బస్టాప్‌లో బిస్కెట్ జట్టు కెప్టెన్ కలిసింది. మంచి మనిషి. కాంట్రాక్ట్ గురించి విన్నానని సంతోషపడింది. చిన్నది ఎలా ఉందని అడిగింది. ఒకే ఫ్యాక్టరీ కదా, రోజూ చూస్తూనే ఉంటారు కదా అన్నాను. చూస్తాం గానీ మాట్లాడదు కదా అంది. అప్పుడు తెలిసింది నాకు.

ఫైనల్ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో వాళ్లంతా బంతి లోపలికెళ్లిందనే అన్నారట. వెనక నుంచి చూసినవాళ్లు నలుగురున్నారు. లీగ్‌కి కంప్లయింట్ రాశారు. అందరి సంతకాలూ కావాలి. చిన్నది పెట్టనంది. తను బురదలో బోర్లా పడి ఉంది, తనేమీ చూడలేదు. అయినా పెట్టనంది.

"మా అక్క అబద్ధం చెప్పదు. చెప్పిందని మీరంటే, మీతో నేను ఆడను."

జెర్సీ అక్కడే విప్పి బెంచీ మీద పెట్టి వచ్చేసిందట. షిఫ్టూ లేదు, గిఫ్టూ లేదు. పది నెలలుగా నాకోసం ఆట మానేసి, నా వంతు కూర వండుతోంది.

కెప్టెన్ కోపంగా ఏమీ చెప్పలేదు. అయిపోయిన సంగతే లెండి అంది. ఆ తర్వాత నా ముఖంలోకి చూసి, ఇంతకీ వెళ్లలేదు కదండీ అనడిగింది.

బస్సు వచ్చింది. ఎక్కేశాను. అది నా బస్సు కాదు.

జనవరి 1

కొత్త డైరీ. పాతది బీరువాలో అడుగున దాచాను. చిన్నదానికి చెప్పాలి. ఇందులో మొదటి మాట ఇదే.

జనవరి 12

ఫిబ్రవరి 8న మెయిన్ జట్టు తరఫున నా మొదటి మ్యాచ్. ఈలోపే చెప్పాలి. ఇవాళ నోటిదాకా వచ్చింది. టీలో చక్కెర తక్కువైందని చెప్పి లేచిపోయాను.

జనవరి 25

మళ్లీ నీళ్లు నమిలాను. ఇంటికి చుట్టాలొస్తే నా గురించి చెప్పేది చిన్నదే. మా అక్క, మా అక్క. ఆ మాట విన్నప్పుడల్లా ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తోంది.

ఫిబ్రవరి 3, మధ్యాహ్నం

చెప్పాను.

పెరట్లో దుప్పట్లు మడత పెడుతున్నాం. ఆ చివర తను, ఈ చివర నేను. దగ్గరికొచ్చి నా చేతిలో తన కొసలు పెట్టేటప్పుడు అనేశాను. ఆ రోజు బంతి లోపలికెళ్లింది, నాకు తెలుసు, నేను అబద్ధం చెప్పాను అని.

తను కొసలు వదల్లేదు. మడత పూర్తి చేసింది. ఇంకో దుప్పటి తీసింది. అదీ మడత పెట్టాం. నాలుగు మూలలూ కలిపాక అప్పుడు మాట్లాడింది.

"నువ్వు చెప్పేసి తేలికపడ్డావు. నేను పదిమందితో మాటలు మానేసి ఏడాదైంది. నేనెక్కడికి పోయి తేలికపడాలి?"

క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదు. తను దుప్పట్లు ఎత్తుకుని లోపలికెళ్లింది. క్లిప్పులు ఏరుకుంటూ నేను చాలాసేపు పెరట్లోనే ఉండిపోయాను.

ఫిబ్రవరి 5

నాతో మాట్లాడటం లేదు. ఏదైనా ఉంటే అత్తయ్యకి చెబుతుంది, నేను ఎదురుగానే ఉంటాను. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కోండత్తయ్యా అంటుంది. అత్తయ్య నావైపు తిరిగి, సరిపోయిందా అంటుంది. సరిపోయిందని నేను. అత్తయ్య ఆ కబురు అటు మోస్తుంది. రెండు రోజులకే విసిగిపోయి, మీ ఇద్దరి మధ్యా నేనే బంతినయ్యాను అంది.

మా ఆయనకి కూడా చెప్పాను. ముందే నాతో అనాల్సింది అన్నారు, అంతే.

ఫిబ్రవరి 6

డిపోకి వెళ్లాను. కండక్టర్ డ్యూటీ దిగి టీ తాగుతున్నాడు. నా పేపరు ఫొటో చూశానని కుర్చీ వేశాడు. కూర్చోకుండానే చెప్పాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. గ్లాసు పక్కన పెట్టి, ఫలితం మార్చడానికి వీల్లేదమ్మా, సీజన్ మూసేశాం అన్నాడు. వచ్చే సీజన్‌కి లైన్స్‌మెన్‌ని పెట్టమని కమిటీ ఎప్పటి నుంచో అడుగుతోందట, ఈయనే అక్కర్లేదని వాదిస్తూ వచ్చాడట. ఇక పెట్టమని చెబుతానన్నాడు.

"ఇక మీదట కీపర్‌ని అడగనమ్మా."

పదకొండేళ్ల పద్ధతి. టైర్ల కంపెనీ అమ్మాయి ఏడ్చి నిలబెట్టింది, నేను నవ్వుతూ ఫొటో దిగి పోగొట్టాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఆడాను. 2-0. గెలిచాం.

రెండో హాఫ్‌లో ఒక హెడర్ నా చేతుల్లోంచి జారి వెనక్కి పోయింది. తిరిగి గీత మీదే నొక్కి పట్టాను. ఈసారి నిజంగానే దాటలేదు. లేచి రిఫరీ కోసం చూశాను. దాటలేదండీ అని చెప్పడానికి నోరు కూడా తెరిచాను. ఆమె నావైపు చూడనే లేదు. చేతికున్న వాచీ చూసుకుంది. బంతి గీత దాటితే అది మోగుతుందట. మోగలేదు. ఆడండి అని చెయ్యి ఊపింది.

ఇక్కడ నా మాటతో ఎవరికీ పని లేదు. హాయిగా ఉండాలి కదా. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాను.

మూడు టికెట్లు పంపాను. ఆయన, అత్తయ్య వచ్చారు. మూడో కుర్చీలో అత్తయ్య హ్యాండ్‌బ్యాగు ఉంది.

ఫిబ్రవరి 20

అత్తయ్య చెప్పింది. చిన్నది బిస్కెట్ కెప్టెన్ ఇంటికెళ్లిందట. జట్టులో అందర్నీ అక్కడికి పిలిపించి, మీరే రైటు, నాదే పొరపాటు అని ఒక్కొక్కళ్లకీ చెప్పిందట. మళ్లీ జట్టులోకి తీసుకున్నారు. ప్రస్తుతానికి సబ్‌స్టిట్యూట్.

అబద్ధం నాది. క్షమాపణ తను చెప్పింది.

మార్చి 1, ఆదివారం

పొద్దున చిన్నది బంతి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. బట్టలారేసే రెండు స్తంభాల మధ్య సుద్దతో గీత గీసింది. నన్ను అక్కడ నిలబడమని చెయ్యి చూపింది.

కొట్టింది. కొట్టిన వెంటనే అటు తిరిగి, గోడవైపు ముఖం పెట్టి నిలబడింది.

"లోపలికెళ్లిందా?"

వెళ్లిందన్నాను. బంతి విసిరాను. మళ్లీ కొట్టింది, మళ్లీ అటు తిరిగింది. ఇరవై కొట్టింది. ఒక్కసారీ వెనక్కి చూడలేదు. పన్నెండు వెళ్లాయని చెప్పాను, ఏడు వెళ్లలేదని చెప్పాను. ఒకటి మాత్రం నా ఒంటి చాటున పడి నాకే తెలియలేదు. తెలియలేదనే చెప్పాను.

"అయితే మళ్లీ కొడతాలే అక్కా" అంది, గోడవైపే చూస్తూ.