మేరీ చెయ్యి అందింది

మొయినాబాదు,
1938 జూన్ 26, ఆదివారం, పొద్దున.

ప్రియమైన కరుణమ్మకు,

ప్రభువు పేరిట నీకు వందనాలు. ఇక్కడ నేను, మా అమ్మ సారమ్మ, మన మేరీ, రెండు కోళ్ళు, అందరమూ కులాసా. పట్నంలో నువ్వూ, నీతో పంతులమ్మ చదువు చదివే ఆడవాళ్ళూ సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ఇక అసలు సంగతి. పోయిన ఉత్తరంలో నువ్వు ఒకే మాట మూడుసార్లు రాశావు. ఈ నెల దాటేలోగా పిల్ల బడిలో కుదురుకోకపోతే చదువు మానేసి మొదటి బస్సుకు వచ్చేస్తానని. ఆ బస్సు నువ్వు ఎక్కనక్కర లేదు! మేరీని చేర్చుకున్నారు. సోమవారం నుంచి నిన్నటిదాకా ఆరు రోజులు వెళ్ళింది, ఒక్క రోజు కూడా మానలేదు. చదివావా? మళ్ళీ రాస్తున్నాను, చేర్చుకున్నారు!

నువ్వు వెళ్ళినప్పటి నుంచీ నా భయం నాకుంది. అమ్మ కూలికి పోతుంది. నేను అరుగు మీద చెప్పులు కుట్టుకుంటూ కూర్చుంటాను. చుట్టూ తోలుకు తూట్లు పొడిచే ఆరెలు, తోలు గీసే కత్తులు, వాటి మధ్య నాలుగేళ్ళ పిల్ల. మొన్నొకసారి బొటనవేలు కోసుకున్నది. అప్పుడు నీకు రాయలేదు, ఇప్పుడు మానింది కాబట్టి రాస్తున్నాను. వాడకట్టులో అందరిదీ ఒకటే పాట. మొగోడు యాడన్న పిల్లను సాకుతడా, పెండ్లాన్ని తోల్కరారాదు అని. నిన్ను పంపింది నేను. మన వాడలో పంతులమ్మ కాబోయే మొదటి ఆడదానివి నువ్వు. నా పిల్ల ఏడ్చిందని నువ్వు సగంలో తిరిగొస్తే ఆ తప్పు ఎవరిది? నాదే కదా.

అందుకే మన ప్రార్థన గుడి వసారాలో శాంతమ్మ పంతులమ్మ చిన్నపిల్లల తరగతి పెడుతున్నదని వినగానే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అంతలో రైతు శివయ్య చెప్పులు కుట్టమని చెప్పడానికి వచ్చి నా నెత్తిన పిడుగు వేశాడు. సర్కారు బడిల నా మనుమడిని తిప్పి పంపిండ్రు పేతురూ, కుడిచెయ్యి తల మీదికెళ్ళి ఏస్తే ఎడమ చెవు అందాలెనంట, అందకుంటే వచ్చే ఏడు రమ్మంటరంట అన్నాడు.

వచ్చే ఏడా! అప్పటిదాకా నువ్వు ఆగుతావా? శివయ్య ఇంకా గడప దాటలేదు, నేను మేరీని నిలబెట్టి చెయ్యి వేయించాను. అందలేదు. తోలు పట్టీతో కొలిచాను. రెండు వేళ్ళు తక్కువ.

ఇక చూడు మా తిప్పలు. పొద్దునా సాయంత్రం సాధన. చెయ్యి లాగితే కితకితలని నవ్వుతుంది. చెవికి బెల్లం రాసి, అందుకుంటే నీదే బిడ్డా అన్నాను. మెల్లగా ఎడమచేత్తో తుడుచుకుని నాకేసింది. నీ కూతురే, తెలివికేం తక్కువ! చీమలు మాత్రం రెండు రోజులు మమ్మల్ని వదల్లేదు.

చివరికి అందింది. ఎలా అందిందని అడగకు. చెప్పులు కుట్టేవాడి బుర్రకు ఒక ఉపాయం తట్టింది, అంతే అనుకో.

సోమవారం పొద్దున నా వేలు పట్టుకుని నడిచింది. గుడి మెట్ల దాకా గట్టిగానే పట్టుకున్నది. ఏడుస్తుంది, కళ్ళు తుడవాలి అని నేను కండువా సిద్ధం చేసుకున్నాను. శాంతమ్మ రమ్మనగానే వేలు వదిలేసింది కరుణా! వెళ్ళి చాప మీద ముందు వరసలో కూర్చుని, నేనింకా అక్కడే ఉండటం చూసి, నువ్వు పో బాపూ, చెప్పులు కుట్టుకోపో అన్నది. పిల్లలంతా నా వైపు చూశారు. ఆ కండువా నాకే పనికొచ్చింది.

ఇంటికొస్తే ఇల్లు ఇల్లులా లేదు. ఆరె ఎక్కడ పెట్టినా ఎవరూ ఎత్తుకుపోవడం లేదు. నీళ్ళకుండలో తోలు ముక్కలు వేసేవాళ్ళు లేరు. హాయిగా పని జరగాలి కదా? దినమంతా కూర్చుని శివయ్య చెప్పులు పూర్తి చేశాను. మర్నాడు అతను వచ్చి తొడుక్కుని, ఏం పేతురూ, నాకు రెండు కాళ్ళూ ఎడమవేనా, కుడికాలు యాడ బోయిందిరా అన్నాడు. చూస్తే నిజమే. రెండూ ఎడమకాలివే కుట్టాను! పదేళ్ళ వయసు నుంచి ఈ పని చేస్తున్నాను, ఎన్నడూ ఇంత సిగ్గుపడలేదు.

ఇప్పుడు సాయంత్రాలు మా ఇంట్లో బడి నడుస్తుంది. మేరీ పంతులమ్మ, నేనూ అమ్మా పిల్లలం. చేతులు కట్టుకో బాపూ అంటుంది. మాట్లాడకు బాపమ్మా అని అమ్మ మీదికి పుల్ల ఎత్తుతుంది. వాకిట్లో ఇసుక పరిచి అ రాసింది. కొంచెం పడుకున్నట్టు ఉన్నది గానీ అ అనే తెలుస్తుంది. చింతగింజలు ఐదు దాకా లెక్కపెట్టి, ఆరోది నోట్లో వేసుకుంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటావేమో, అను. నాకు మాత్రం ఈ ఆరు రోజులూ పండుగే.

ఎర్ర రిబ్బన్లు కొన్నానని రాశావు. చాలా సంతోషం. తొందరేమీ లేదు, నీ దగ్గరే ఉండనీ. ఏదైనా పంపాలనిపిస్తే ఒక టోపీ పంపు. వానలు మొదలయ్యాయి కదా.

నువ్వు చదువు మీద మనసు పెట్టు. ఇంటి ఫికరు నాకు వదిలేయి.

ఇట్లు,
నీ కూతురికి బాపు, శివయ్య రెండు ఎడమకాళ్ళకూ చెప్పులు కుట్టినవాడు,
నీ పేతురు.

తా.క. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని గుడికి వెళ్ళాను. ఇప్పుడు తిరిగొచ్చి మడత విప్పుతున్నాను. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా, పూర్తిగా చదివాక తెచ్చుకో.

మేరీ తలకు జుట్టు లేదు. గుండు. నేనే చేయించాను.

చెప్పు బిగుతైతే మేము కాలును ఏం చేయగలం? మధ్యలో ఉన్న తోలు గీస్తాం. పిల్ల చెయ్యి సాగదు, తల చిన్నది కాదు, మధ్యలో ఉన్నది నువ్వు నూనె రాసి పెంచిన ఆ ఒత్తు జుట్టే. మంగలి కుర్మయ్య దగ్గర కూర్చోబెట్టాను. జుట్టు పోయాక చెయ్యి వేస్తే చెవి అందింది! నేను ఎగిరి గంతేశాను. ఎవరికి మొక్కినవ్ పేతురన్నా అని కుర్మయ్య అడిగాడు. సంతోషంలో జవాబు చెప్పలేదు. అతను మొక్కే అనుకుని ఊరంతా చెప్పాడు. అదే నా కొంప ముంచింది.

ఇవాళ ప్రార్థన చేయించడానికి చేవెళ్ల అయ్యగారు వచ్చారు. ప్రార్థన అయ్యాక అందరి ముందూ నన్ను లేపి, ఏమయ్యా పేతురూ, పిల్లను ఏ జాతరకు తీస్కపోయి గుండు కొట్టించినవ్ అన్నారు. నీ చదువుకు సిఫారసు చిట్టీ రాసిచ్చింది ఆయనే కదా. నేను ప్రభువును నమ్మి కూడా జాతర మొక్కులు తీర్చే మనిషినని ఆయన ఒక్క ముక్క రాస్తే, పట్నం నుంచి నిన్ను ఎల్లుండికల్లా పంపించేస్తారు. మొక్కు గాదయ్యగారూ, చెవు కోసం అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. మొదటినుంచీ అంతా చెప్పాను, బెల్లం సంగతితో సహా.

అప్పుడు శాంతమ్మ లేచింది. అయ్యగారూ, ఆ చెవు లెక్క ఒకటో తరగతికి, మాది చిన్నపిల్లల తరగతి, చెయ్యి అందనోళ్ళకే నా దగ్గర జాగా అన్నది. సోమారం నాడే చెప్పాలనుకున్న, కానీ తండ్రీ బిడ్డా అంత సంబురంగ నిలబడ్డరు, గుండు మీద చెయ్యేసుకుని ఆ పిల్ల నవ్వుతుంటే నాకు నోరు రాలే అన్నది.

కరుణా, జుట్టు ఉత్తపుణ్యానికి పోయింది!

అయ్యగారు నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నారు. కళ్ళు తుడుచుకుని, ఇది నీ భార్యకు రాసినవా అని అడిగారు. రాసిన గానీ గుండు సంగతి రాయలేదయ్యగారూ అని జేబులోని ఉత్తరం చూపించాను. ఇయ్యాలనే రాయి, లేకుంటే నేనే రాస్త అన్నారు.

అందుకే రాశాను. ఇంకొక్క మాట. మేరీ రోజూ పొద్దున లేవగానే అరచేత్తో తల నిమురుకుంటుంది. అవ్వ పట్నంకెళ్ళి వచ్చెటాలకు జడ వస్తదా బాపూ అని అడుగుతుంది. వస్తది బిడ్డా అని చెప్పాను. నువ్వు ఇప్పుడు ఈ ఉత్తరం పట్టుకుని బస్సెక్కితే దాని ముందు నా మాట పోతుంది. తిట్లన్నీ కాగితం మీద రాసి పంపు, ఒక్కటీ మింగకు, నేను కూడబలుక్కుని చదువుకుంటాను. నువ్వు మాత్రం చదువు ముగించుకుని క్రిస్మస్‌కు రా, రిబ్బన్లు తీసుకుని. అప్పటికి ముడి నిలిచేంత పెరుగుతుంది.