వాగు ఒడ్డున నేను నిలిపిన మైసమ్మ

గంగారం,
ఆదివారం.

అమ్మకు శ్వేత దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం, పిల్లవాడు కులాసా. మరిపెడలో నువ్వూ బాపూ అలాగే ఉన్నారనుకుంటాను. నడుము నొప్పికి దవాఖానకు పోయావా, లేక బామ్ రాసుకునే సరిపెడుతున్నావా?

రోజూ దీపం పెడుతున్నావా అని అడిగావు. లేదమ్మా. కానీ ఏకంగా ఒక దేవతనే పెట్టాను. ఫోన్లో చెబితే మధ్యలోనే తిట్లు అందుకుంటావని రాస్తున్నాను.

మా బడి వెనక వాగు ఒడ్డున పది మద్దిచెట్లుండేవి. వాటి వేళ్లే గట్టును పట్టి ఉంచుతాయని రెండేళ్లు పాఠం చెప్పాను. పిల్లలు చక్కగా రాసి మార్కులు తెచ్చుకున్నారు. వాళ్ల ఇళ్లవాళ్లు మూడు చెట్లు కొట్టేశారు. ఆ కోపంలో ఒక పొద్దున అందరికంటే ముందు వెళ్లి, పెద్ద చెట్టుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, దాని మొదలు దగ్గర ఒక రాయి నిలిపాను. నీ పూజలు చూసి నవ్విన నేనే! మధ్యాహ్నానికల్లా ఊళ్లోని ఓదెమ్మవ్వ "మైసమ్మ ఎలిసింది" అని కొబ్బరికాయ కొట్టింది. ఏడాది పాటు ఒక్క గొడ్డలి పడలేదు. నేను మురిసిపోయాను.

ఓదెమ్మవ్వ మనవరాలు భాగ్య నా దగ్గరే తొమ్మిదో తరగతి. నెలనెలా ఐదు రోజులు బడికి రావడం మానేసింది. ఒక పరీక్ష కూడా పోయింది. ఇంటికి వెళ్లి అడిగాను.

"బడి తొవ్వ అమ్మోరి ముంగటికెళ్లే గద టీచరమ్మా. ముట్టయిన పోరిని ఎట్ల తోల్తం? కండ్లు పోతయి" అంది ఓదెమ్మవ్వ.

నిజం చెబితే చెట్లు పోతాయి, చెప్పకపోతే పిల్ల చదువు పోతుంది. నెల రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. మొన్న సోమవారం ఓదెమ్మవ్వను కూడా క్లాసుకు పిలిపించి, ఆ రాయి పెట్టింది నేనేనని చెప్పేశాను.

"అమ్మోరితోటి ఆటలాడుతరా?" అని ఆమె లేచి వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బుధవారం, ముట్టు రోజైనా, భాగ్య ఆ చెట్ల కిందుగానే బడికి వచ్చింది. "మా అవ్వనే పొమ్మన్నది" అంది. గురువారానికి ఒక చెట్టు లేదు.

మధ్యాహ్నం భాగ్య ఆ మొద్దు దగ్గర కూర్చుని ఉంటే వెళ్లాను.

"మీరు చెప్పకపోతే చెట్టు ఉండేది గద టీచర్?"

"ఉండేది బిడ్డా. క్లాసుల నువ్వే ఉండకపోదువు."

తల ఊపింది గాని, ఆ మొద్దు మీది నుంచి చెయ్యి తీయలేదు.

ఇట్లు,
నీ తిట్లకు కాచుకున్న పెద్దబిడ్డ
శ్వేత