మధ్య గోడ

ధర్మవరం, 2007

జూన్ 14

కొత్త కాలనీలో చేరాం. పట్టా నా పేరు మీదే. ఒకటే గది. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. పక్కింట్లో ఎవరో కాదు, పాత వీధిలో మాతోపాటు అద్దెకున్న ఆదెప్ప, ఉలిగమ్మ. లక్ అంటే మాదే.

జూన్ 20

మా ఆయన మగ్గానికి గుంత తవ్వాడు. నేసేటప్పుడు కాళ్లు దించుకోవాలిగా. ఒకవైపు తలుపు, ఒకవైపు కిటికీ, ఒకవైపు పొయ్యి. మిగిలింది మధ్య గోడ పక్కనే. అవతల ఆదెప్పా అక్కడే తవ్వుతున్నాడు. గడ్డపార చప్పుడు విని నవ్వుకున్నాం.

సెప్టెంబర్ 9

గోడకు బీట. వేలు దూరుతోంది.

సెప్టెంబర్ 11

గోడలు కట్టే బేల్దారి ఎర్రప్ప చూసి తిట్టాడు. రెండు పక్కలా పునాది కిందికి తవ్వుకుంటే గోడ దేనిమీద నిలబడాల అన్నాడు. వానలు ముదిరేలోపల రెండు గుంతలూ పూడ్చమన్నాడు. పూడిస్తే మగ్గం ఉండదు. మగ్గం లేకుంటే ఏం తినాలి?

సాయంత్రం

ముందు తవ్విండేది మీరే, ముందు మీరే పూడ్చండప్పా అన్నాడు ఆదెప్ప. నా ఇంట్లో నేను యాడైనా తవ్వుకుంటా, అడిగేదానికి నువ్వెవరబ్బా అన్నాడు మా ఆయన. అద్దెకున్నప్పుడు ఇద్దరి నోటా ఇలాంటి మాట రాలేదు. ఇల్లు కారితే ఇద్దరూ కలిసి ఓనర్‌ను తిట్టేవాళ్లు. ఇప్పుడు తిట్టడానికి ఓనర్ లేడు.

సెప్టెంబర్ 30

వాన. కుళాయి దగ్గర ఉలిగమ్మ ముఖం తిప్పుకుంది.

అక్టోబర్ 3

వాన తెరిపివ్వలేదు. మగ్గం ఆడినప్పుడల్లా బీటలోంచి మట్టి రాలుతోంది. ఆపమంటే, మగ్గం మీదుండే ఈ సీర దిగనీ అంటాడు మా ఆయన. ఇంకా సగం కూడా కాలేదు.

అక్టోబర్ 6

పొద్దున్నుంచి అవతల మగ్గం చప్పుడు లేదు. మాటలు లేకపోయినా, భయమేసి వెళ్లాను. ఆదెప్ప తన గుంత పూడ్చేశాడు. కాన్పయిన కూతురు రామక్కను ఇంటికి తెచ్చుకున్నారు. పూడ్చిన చోటే మంచం వేశారు. మంచం మీద పసిగుడ్డు, తల గోడవైపు.

మా పని మేం చేసినాం వదినా, ఇంగ మీ ఇష్టం అంది ఉలిగమ్మ. మంచం జరపమని బతిమాలాను. యాడికి జరపాల, తలుపుకాడ జల్లు కొడతాండాది అంది. గతిలేక వేసిందో, మమ్మల్ని కట్టిపడేయడానికి వేసిందో నాకు తెలీదు. ఇక గోడ పడితే మా గుంత వల్లే పడుతుంది.

ఆయనకు చెప్పాను. వింటూనే నేశాడు.

అక్టోబర్ 7

ఆయన బజారుకు పోగానే మగ్గం మీది పడుగు దారాలు కోసేశాను. పట్టు మాది కాదు, నేయమని ఇచ్చిన షావుకారిది, ఆ డబ్బు మేమే కట్టాలి. బయటి మట్టి తట్టలతో తెచ్చి గుంతలో పోస్తున్నాను. ఆయన వచ్చేలోపల నిండాలి. వాన మళ్లీ పట్టుకుంది.