ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకు

తమ్ముడూ,

ఆదివారం డిస్క్‌లో జాగా చేస్తానంటూ ఏదో కమాండ్ కొట్టి మీ బావ గొంతు ఉన్న రికార్డింగులు చెరిపేశావు. అప్పటినుంచి ఒకటే మాట చెబుతున్నాను, ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయొద్దని. నిన్న ఫైళ్లు వెనక్కి తెచ్చే ప్రోగ్రాంను కూడా దానిలోకే ఎక్కించబోయావు. అందుకే ప్లగ్ పీకేశాను.

తుడిచిన నల్లబల్ల మీద పాత అక్షరాలు లీలగా కనిపిస్తాయి. మళ్లీ రాస్తే అవీ పోతాయి. ఆఫీసులో సర్వర్లు చూసే నీకు ఇది నేను చెప్పాలా?

ఆ ప్రోగ్రాం ఎక్కించిన పెన్‌డ్రైవ్ కీబోర్డు పక్కన పెట్టాను. సిస్టంను దాంతోనే మొదలుపెట్టు. ముందు పాత డిస్క్ మొత్తాన్ని కొత్త డిస్క్‌లోకి కాపీ తీయి. పోయిన ఫైళ్లను ఆ కాపీలోనే వెతుకు. ఎంటర్ నొక్కే ముందు ఏది పాతదో, ఏది కొత్తదో సైజు చూసి పోల్చుకో. అవి తారుమారైతే ఖాళీ డిస్కే పాతదాని మీదికి కాపీ అయి, మిగిలినవి కూడా చెరిగిపోతాయి.

"బ్యాకప్ ఉందిగా అక్కా, ఎందుకంత కంగారు?" అన్నావు. తీరా చూస్తే ఆ బ్యాకప్ అసలు ఫోల్డర్‌కు దారి చూపేలా నువ్వు పెట్టిన లింకు మాత్రమే, దానిలో ఫైళ్లేవీ లేవు.

నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పిల్లల వింత జవాబులు పైకి చదివి నవ్వేవారు మీ బావ. మనిషి పోయాక ఆ నవ్వు ఆ రికార్డింగుల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

నేను బడికి వెళ్తున్నాను. ఫ్లాస్కులో కాఫీ ఉంది. నిన్నటిలా ఏమీ తినకుండా సిస్టం ముందు కూర్చోకు.

కొత్త డిస్క్ అట్టపెట్టె కూడా విప్పలేదు. కాపీ ఇంకా మొదలవలేదు.

అక్క