ఫర్వాలేదండి అన్నందుకు

కైకలూరు

ఏవండీ,

మీ దుర్గ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, తేజశ్రీ, అత్తయ్య గారు క్షేమం. ఆ గుజరాతు ఉప్పుగాలిలో మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఇంత పొడుగు ఉత్తరమేమిటని విసుక్కోకండి. ఫోన్లో మీరు "బాగున్నావా" అంటారు, నేను "బాగున్నానండి" అంటాను, ఈలోగా మీ రొయ్యల చెరువుల దగ్గర సిగ్నల్ పోతుంది. మా ఐసు ఫ్యాక్టరీ మార్తమ్మ కొడుకు వెస్లీ ఎల్లుండి మీ దగ్గరికే పనికి వస్తున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం, ఒక సీసా మాగాయ ఇస్తున్నాను. అదంతా అందరికీ పంచేసి మీరు ఉత్త మజ్జిగన్నం తినకండి. మీ సంగతి నాకు తెలుసు.

మీ ఉత్తరం అందింది. అత్తయ్య గారి కంటి ఆపరేషన్ తణుకులో చక్కగా జరిగింది. చూపు తేటపడగానే ఆవిడ మొట్టమొదట చూసింది మన వంటింటి మూలల్లో బూజు. చూసి ఊరుకున్నారా! నాలుగిళ్ళకు వినబడింది. ఇక తేజశ్రీ జుట్టు ఎందుకు కత్తిరించావని నిలదీశారు. దానికి మోకాళ్ళదాకా జడ పెంచాలని మీ సరదా, నాకు తెలియదా? ఇప్పుడు పిల్లలంతా అలాగే ఉంటున్నారండీ. అదీ ముచ్చటపడింది.

ఇప్పుడు నా కేసు సంగతి. "ఐసు క్రషర్లో నీ వేళ్ళు పడ్డ రోజు వీర్రాజు గారు తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సీటంతా రక్తమైనా పల్లెత్తు మాటనలేదు. ఓనరంటే అలా ఉండాలి. పొరపాటు నాదేనని సంతకం పెట్టి, ఆయన ఇచ్చింది పుచ్చుకో. నష్టపరిహారమని ఆఫీసుల చుట్టూ తిరగొద్దు" అని రాశారు. మీ మాట కాదనలేదండీ. సంతకం పెట్టడానికే పోయిన సోమవారం ఏలూరు లేబర్ ఆఫీసుకు బయలుదేరాను.

మార్తమ్మను తోడు తీసుకెళ్దామని ముందు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. నా మిషను దగ్గర ఇప్పుడు ఎవరున్నారనుకున్నారు? వెస్లీ భార్య బిందు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఐసు దిమ్మ ఇరుక్కుంటే ఆ పిల్ల చేత్తో లోపలికి నెడుతోంది. క్రషర్ నోటికి ఉండాల్సిన ఇనుప మూత ఇంకా గోడకే ఆనించి ఉంది. అదుంటే పని నిదానమవుతుందని ఎప్పుడో విప్పించేశారు. నేనూ రెండు మూడుసార్లు "అది పెట్టిస్తే బాగుంటుందేమోనండి" అన్నాను. అంత మెత్తగా అంటే ఆ మిషను మోతలో ఎవరికి వినపడుతుంది చెప్పండి!

ఏలూరులో ఆఫీసరు గారి ముందు కూర్చున్నాం. పొరపాటు నాదేనని నేనే ఆసుపత్రిలో అందరి ముందూ ఒప్పుకున్నానని వీర్రాజు గారి లాయరు చెప్పాడు. ఆఫీసరు గారు నా వైపు తిరిగారు.

"అన్నారా అమ్మా?"

"అన్నానండి."

"ఎందుకన్నారు?"

"వీర్రాజు గారు పాపం చెమటలు కక్కుతూ కంగారుపడిపోతుంటే చూడలేక అన్నానండి. ఫర్వాలేదండి, నాదే పొరపాటండి అన్నానండి."

ఆఫీసరు గారు కలం కింద పెట్టేశారు. మన వైపు కాలు తొక్కినవాడి కన్నా ముందు తొక్కించుకున్నవాడే ఫర్వాలేదండి అంటాడు కదా. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ పెంచిన పెంపకం. మొహమాటానికి పోతే మరేదో అయిందని సామెత కూడా ఉంది. మీరు నవ్వకండి, నాకు మాత్రం వేళ్ళు పోయాయి.

"మరి ఇప్పుడు చెప్పండి, పొరపాటు ఎవరిది?" అన్నారు. కాగితం నా ముందే ఉంది. నాకు మాత్రం బిందు చేతులే కనబడుతున్నాయి.

"మిషనుకి మూత లేదండి. పెట్టించమని చెప్పానండి. ఈరోజుకీ లేదండి. ఇప్పుడు అక్కడ ఇంకో పిల్ల నిలబడుతోందండి" అన్నాను.

సంతకం పెట్టలేదండీ. వారం నుంచీ మీకు చెప్పకుండా దాచింది ఇదే. కేసు వాయిదా పడింది. నష్టపరిహారం వస్తుందో రాదో తెలియదు. మీరు తిరిగొచ్చాక తన చెరువుల మీద పని ఇస్తానన్నారు కదా వీర్రాజు గారు, అది మాత్రం ఇక ఉండదేమో. ఆ పనుంటే మీరు ఇంటిపట్టునే ఉంటారని నేనెంత ఆశపడ్డానో దేవుడికి తెలుసు. తిట్టండి, పడతాను.

బయట మెట్ల దగ్గర వీర్రాజు గారు ఆగారు. ఎప్పటిలాగే మెత్తగా "చెయ్యి ఎలా ఉందమ్మా?" అని అడిగారు. ఫర్వాలేదండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. మింగేశాను. "బాగోలేదండి" అన్నాను. ఆయన తల దించుకుని కారెక్కారు. ఆయన చెడ్డవారని ఇప్పటికీ అనను. మర్నాడే వెల్డింగు మనిషిని పిలిపించి మూత బిగించారట. మార్తమ్మ వచ్చి చెబితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ ఇనుప ముక్క బిగించడం అంత తేలికైన పనా అని ఏడుపొచ్చిందండీ.

ఎలాగూ నోరు విప్పాను కనుక మీకూ నిజం చెప్పేస్తాను. చెయ్యి బాగైపోయిందని పోయినసారి రాసింది అబద్ధం. రాత్రిళ్ళు లేని వేళ్ళే సలుపుతాయి. తేజశ్రీ జుట్టు ముచ్చటకు కత్తిరించలేదు. నా ఎడమచేతిలో పాయ నిలవడం లేదండీ. రోజూ బడివేళకు జడ సగంలోనే ఊడిపోయేది. ఒకరోజు అది అద్దంలో నా మొహం చూసి "ఫర్వాలేదమ్మా, నాకు పొట్టి జుట్టే ఇష్టం" అంది. మన పిల్లే కదా, ఆ మాట అప్పుడే నేర్చేసుకుంది.

పైన క్షేమమని అలవాటు కొద్దీ రాశాను. మీరు మాత్రం జవాబులో అలా రాయకండి. మీ నడుం నొప్పి ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయండి.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా కూర్చున్న మీ ఇల్లాలు,
దుర్గ