ఎడమ చెవికి రావలసిన కచేరీ

నరసరావుపేట కాపురస్తులు, లారీ మెకానిక్ షేక్ ఖాసిం గారి కూతురు, బి.ఏ. ప్యాసైన షేక్ సుల్తానా అను నేను ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. చెడింది ఎడమ చెవి ఒక్కటే. చిన్నప్పటి నుంచి కారుతున్న చీము చెవి వెనక ఎముకను తినేసిందట. రేపు గుంటూరులో ఆపరేషన్. చెవి బాగుపడవచ్చు, ఉన్న కాస్త వినికిడీ పోవచ్చు, మెదడు పక్కనే గనక మనిషే పోవచ్చునన్నారు డాక్టరు గారు. ప్రాణానికి ఏమైనా ఆస్పత్రి పూచీ లేదన్న కాయితం మీద కన్నతండ్రిగా అబ్బా సంతకం పెట్టి వచ్చారు. నా ప్రాణం మీద ఆయన పెట్టగా లేనిది, నా సామాను మీద నేను పెట్టకూడదా?

1. స్థిరాస్తి శూన్యం. చరాస్తిలో మొదటిది ఒక క్యాసెట్టు. మా అన్న హబీబ్ కువైట్‌లో డ్రైవరు. ఉత్తరం రాయడానికి బద్ధకించి మాటలు క్యాసెట్టులో పట్టి పంపుతాడు. మేం విని, దాని మీదే జవాబు పట్టి తిప్పి పంపుతాం. పోయిన వేసవిలో వచ్చినదాన్ని వినడానికి వీధంతా మా వసారాలో కూర్చుంది. అన్న అందరి క్షేమమూ అడిగి, "సరే దాదీ, ఉంటా మరి" అన్నాడు. ఆ మాట ముగిసీ ముగియకముందే వేలమంది ఒక్కసారిగా అరిచారు. ఎవడో పిచ్చెత్తినట్టు కేక పెట్టాడు. దాదీ, అంటే మా నానమ్మ జాన్‌బీ, గుండెలు బాదుకుంది: "ఒరేయ్ ఖాసిమూ, పిల్లోణ్ణి కొడతన్నార్రా. చానామంది ఉన్నారు." అబ్బా చెప్పులైనా లేకుండా ట్రంకాల్ కోసం పోస్టాఫీసుకు పరుగెత్తారు. మిగిలినవాళ్ళం ఆ కొట్లాట వింటూ కూర్చున్నాం. కాసేపటికి కొట్లాటలో తాళం ఉందని నాకు అర్థమైంది.

తన గదిలోనే ఉండే ఫిలిప్పీన్స్ అతని క్యాసెట్టును ఖాళీదనుకుని అన్న దాని మీద మాట్లాడేశాడట. అన్న గొంతు అయిపోయిన చోట బయటపడింది డేల్ హారిగన్ అనే రాక్ గాయకుడు, స్టేజీ మీద పాడుతుండగా పట్టిన కచేరీ. ఏటా ఈనే గేదెలాగా ఈయన ఏటా ఒక రికార్డు తెస్తాడట, ఒక్కో ఏడు రెండు. నేను విన్నది ఈ ఒక్కటే, అదీ తల లేకుండా. పాట మధ్యలో గిటారు శ్రుతి తప్పితే ఆగి, నవ్వి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. మా ఇంట్లో పొరపాటు చేసినవాళ్ళు ఎదుటివాళ్ళ మీద అరుస్తారే గాని మళ్ళీ మొదలుపెట్టరు.

జవాబు పట్టబోయే లోపే క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు బుల్లి రెక్కలు విరిచేశాను. అవి లేకపోతే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. ఇది నా స్నేహితురాలు సుభాషిణికి చెందాలి. ఆ బొక్కల మీద కాయితం అంటించి తమ గొంతు పట్టేవాళ్ళు ఎవరైనా సరే నాకు వారసులు కారు.

2. అన్న తర్వాత పంపిన వాక్‌మన్ కూడా సుభాషిణికే. పెద్ద టేపురికార్డరులో అన్నీ కలిసి వినపడేవి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోగానే గిటారు మాయమైంది. బ్యాటరీలు మార్చాను. చివరికి తేలిందేమంటే గిటారంతా ఎడమ వైపే ఉంది. తిప్పి పెట్టుకుంటే గిటారు వస్తుంది, పాట పోతుంది. అందుకని కాలేజీ మెట్ల మీద కుడిది నేను, ఎడమది సుభాషిణి పెట్టుకునేవాళ్ళం. నాకు రానిది అది చెప్పేది: "ఏమే, ఇప్పుడు మెల్లగా గీకుతున్నాడు. ఆగు, ఆగు. కిందికి దిగాడు. ఏందే ఈడు, మళ్ళీ ఎక్కుతున్నాడు." సంగీతంలో దానికి ఓనమాలు రావు. ఆ గిటారు మాత్రం నాకు ఇప్పటికీ దాని గొంతుతోనే వినపడుతుంది.

3. పెదనాన్న నూర్ మొహమ్మద్ గారు సంబంధం చూడవచ్చిన ప్రతివాళ్ళనీ నా కుడి పక్కనే కూర్చోబెట్టించారు. ఎడమ పక్కన కూర్చుంటే, పలకని పిల్ల పొగరుబోతని అనుకుంటారట. వారికి నా చెవి దూది డబ్బా. మా ముస్లిం చట్టం ప్రకారం బయటివాళ్ళకు ఆస్తిలో మూడో వంతుకు మించి రాయడం చెల్లదని వారు అభ్యంతరం చెప్పవచ్చు. క్యాసెట్టును కత్తెరతో మూడు ముక్కలు చేసే ఓపిక ఉంటే, ముందు అన్న మాటలున్న ముక్క తీసుకోమనండి.

4. అమ్మ పోయాక నన్ను పెంచిన దాదీకి నా ఉన్ని శాలువా. చిన్నప్పుడు నా చెవిలో వెల్లుల్లి నూనె పోసినందుకు ఆమెను ఎవరూ ఏమీ అనకూడదు, డాక్టరు గారైనా సరే. కాలుతుందేమోనని ముందు తన మోచేతి మీద ఒక చుక్క వేసి చూసుకునేది.

5. అబ్బాకు నా డిగ్రీ సర్టిఫికెట్. షాపులో టైర్ల కేలండరు పక్కన తగిలించుకోవచ్చు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా వారిదే. ఆస్పత్రి కాయితాన్ని చదవకుండానే సంతకం పెట్టారట, వెంట వెళ్ళిన షాపు వెల్డరు మౌలాలీ చెప్పాడు. దీన్ని మాత్రం చదవాలి.

6. నేను తిరిగొస్తే పైవన్నీ రద్దు. కట్టు విప్పిన రోజున ఎడమ ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టే అధికారం సుభాషిణి ఒక్కదానిదే. ఏమీ వినపడకపోతే నా మొహం చూసి ఏడవకుండా, ఎప్పటిలాగే పక్కన కూర్చుని చెప్పుకుంటూ పోవాలి. వినపడితే మాత్రం, ఒక్క పాట అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి.

నరసరావుపేట, 11 ఆగస్టు 1986
(సం.) షేక్ సుల్తానా

సాక్షులు:
1. మౌలాలీ, అబ్బా షాపులో వెల్డరు (సం.)
2. పుల్లమ్మ, పక్కిల్లు (వేలిముద్ర, చదివి వినిపించగా "ఇట్టాంటియ్యి రాయమాకే" అని తిట్టి వేసినది)